అడ్డుకున్నారు సరే, అరెస్టు ఎలా చేశారు?

నర్సీపట్నం నుంచి తుని వెళ్లే దారి నాతవరం మండలం మీదుగా సాగుతుంది. మన్యంలో పండిన గంజాయి మైదానానికి దిగే దారుల్లో ఇదీ ఒకటి కాబట్టి ఇక్కడ వాహనాల తనిఖీ నిత్యకృత్యం. అదే మండలంలో సరుగుడు పంచాయతీ లేటరైట్ తవ్వకాల వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఒకచోట ఆపమంటే ఆగని బండి, మరోచోట జీపుకు అడ్డంగా కూర్చున్న జనం. ఈ రెండింటికీ పోలిక లేదు. అయినా కేసు కట్టేసరికి రెండింటి చివరా ఒకే వాక్యం వచ్చి చేరుతుంది: ‘విధి నిర్వహణలో ఉన్న పోలీసులకు ఆటంకం కలిగించారు’.

అసలు కేసుకు తోకలా వచ్చే ఈ అభియోగాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అసలు కేసు కొట్టేసినా ఇది మిగిలిపోతుందని తర్వాత గానీ తెలియదు. కానిస్టేబులు ఉద్యోగానికో, ఆర్మీకో తయారవుతున్న కుర్రాడికి పరీక్ష పాసయ్యాక జరిగే విచారణలో ముందుగా ఎదురయ్యేది పెండింగు కేసే. పాస్‌పోర్టు కోసం వెళ్లినా అదే ప్రశ్న. అందుకే ఈ అభియోగం ఏమిటో, ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవకూడదో ఊరివాళ్లకూ స్టేషన్లో రైటరుకూ సమానంగా తెలిసి ఉండాలి.

మన చట్టంలో ‘అరెస్టును అడ్డుకోవడం’ అని ఒకే ఒక్క నేరం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది మెట్లు మెట్లుగా ఉంది. అన్నిటికంటే కింద ఉన్నది 221వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 186. ప్రభుత్వోద్యోగి పనికి కావాలని ఆటంకం కలిగిస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తనను చట్టబద్ధంగా పట్టుకోవడాన్ని ఎదిరించినా, చట్టబద్ధమైన నిర్బంధం నుంచి తప్పించుకున్నా 262వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు శిక్ష. వేరొకరి అరెస్టును అడ్డుకుంటే, పట్టుబడిన వాణ్ని విడిపించుకుపోతే 263. ఆ పట్టుబడిన వాడి మీద ఉన్న నేరం ఎంత పెద్దదైతే విడిపించిన వాడికి శిక్ష అంత పెరుగుతుంది. పోలీసు మీద చెయ్యి చేసుకుంటే, బలప్రయోగం చేస్తే 132, అందరి నోటా నానిన పాత 353 ఇదే. గాయమైతే 121. మామూలు గాయానికి ఐపీసీలో మూడేళ్లున్న గరిష్ఠ శిక్షను కొత్త చట్టం ఐదేళ్లకు పెంచింది. తీవ్రగాయమైతే ఏడాదికి తగ్గకుండా పదేళ్ల వరకు.

ఇందులో 221కీ 132కీ మధ్య ఉన్న ఒక్క మెట్టు మీదే చాలా కథ నడుస్తుంది. కాస్త నిదానంగా చూడాలి.

221 కింద పోలీసు తనంతట తాను అరెస్టు చేయడానికి వీల్లేదు. అది బెయిలు దొరికే నేరం. పైగా పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 215వ సెక్షన్ ప్రకారం, ఆటంకానికి గురైన అధికారి గానీ, ఆయన పైఅధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన మరో ప్రభుత్వోద్యోగి గానీ కోర్టుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప మేజిస్ట్రేటు ఆ కేసు విచారణకు తీసుకోకూడదు. తమ పనికి ఎవరో అడ్డొచ్చారన్న కోపంతో అధికారులు జనం మీద కేసులు గుప్పించకుండా పెట్టిన కట్టడి ఇది. 132కు ఈ కట్టడి ఏదీ లేదు. ఎఫ్‌ఐఆర్ కట్టొచ్చు, వారంటు లేకుండా పట్టుకోవచ్చు, స్టేషన్ బెయిలు హక్కుగా రాదు. కాబట్టి ఒక తోపులాట జరిగినప్పుడు దాన్ని ‘ఆటంకం’ అని రాయాలా, ‘దౌర్జన్యం’ అని రాయాలా అన్నది రాసే చేతిలోనే ఉంటుంది. ‘అడ్డంగా నిలబడ్డాడు’ అన్న చోట ‘చొక్కా పట్టుకుని నెట్టాడు’ అని రాస్తే మనిషి ఆ రాత్రి ఇంటికి వెళ్లడు. రాసేవాడికి అది నాలుగు మాటల తేడా.

ఈ తేడాను కోర్టులు గట్టిగానే గీశాయి. మాణిక్ తనేజా కేసులో 2015లో సుప్రీంకోర్టు, బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో విమర్శలు రాయడం 353 కిందికి రాదని తేల్చింది. ఆ సెక్షన్ నిలవాలంటే దౌర్జన్యమో బలప్రయోగమో ఉండి తీరాలి. నోటి దురుసు చాలదు. అయితే దీన్ని పట్టుకుని ‘చెయ్యి వేయకపోతే ఏ నేరమూ కాదు’ అనుకోవడం కూడా పొరపాటే. చిన్న మెట్టయిన 186 విషయంలో ‘ఆటంకం’ అంటే శారీరక బలమే కానక్కర్లేదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. అంటే జీపు ముందు అడ్డంగా కూర్చుంటే 221 పడొచ్చు. దానికి 132 పెట్టడం మాత్రం తప్పు. పంచాయతీ రోడ్డు మీద లారీలు ఆపిన గిరిజనుడి విషయంలో ఈ తేడా జైలుకూ ఇంటికీ మధ్య ఉన్న తేడా.

132 పెట్టినంత మాత్రాన అరెస్టు చేసి తీరాలన్న నియమం కూడా లేదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాయాలని, అవసరం లేకపోతే ముందు నోటీసు ఇవ్వాలని 2014 నాటి అర్ణేశ్ కుమార్ తీర్పు స్పష్టంగా చెప్పింది. స్టేషన్లలో ఇప్పటికీ 41ఏ నోటీసు అనే పిలుస్తున్న ఆ కాగితం నాగరిక సురక్షా సంహితలో 35(3)గా ఉంది. 132కు గరిష్ఠ శిక్ష రెండేళ్లు. మామూలు గాయం కేసు ఐదేళ్లు. రెండూ ఆ గీతకు లోపలివే. తమ మనిషి మీద చెయ్యి పడిందన్న ఆవేశంలో పోలీసులు మొదట మరిచేది ఈ తీర్పునే. ఆవేశం మానవ సహజం, ఒప్పుకుంటాను. కానీ కారణాలు రాయమన్నది సరిగ్గా అలాంటి ఆవేశపు గంటల కోసమే.

ఇక రెండో వైపు. తనను పట్టుకోవడం అన్యాయమని నమ్మిన మనిషి చేత్తో ఎదిరించవచ్చా? దాదాపు ఎప్పుడూ వద్దనే చట్టం అంటుంది. అధికారి సదుద్దేశంతో, తన హోదా మేరకు చేస్తున్న పనిలో చట్టపరంగా కాస్త లోపం ఉన్నా సరే, ప్రాణానికో తీవ్రగాయానికో భయం లేనంతవరకు ఆత్మరక్షణ హక్కు లేదని న్యాయ సంహిత 37వ సెక్షన్ చెబుతుంది. 1860 నాటి ఐపీసీ 99వ సెక్షన్‌ను దాదాపు యథాతథంగా దింపారు. కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిన రెండేళ్లకు, తమ ఉద్యోగులకు రక్షణగా ఆంగ్లేయులు రాసుకున్న నియమం అది. ఆ రక్షణ ఎవరికి పనికొచ్చిందో ఈ ప్రాంతానికి తెలుసు. గూడెం తాలూకాలో బాస్టియన్ వంటి అధికారులు రోడ్డు పనికి సరైన కూలి ఇవ్వకుండా మన్యం జనాన్ని పీడించారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడటానికి వెనుక ఆ కసి ఉంది. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట నాతవరానికి పొరుగునున్న గొలుగొండ మండలంలోదే. స్వతంత్ర దేశం తన శిక్షాస్మృతిని 2023లో తిరగరాసుకున్నప్పుడు ఈ ఒక్క సెక్షన్ మీద పార్లమెంటులో గంటసేపయినా చర్చ జరగాల్సింది.

అయినా ఆ నియమాన్ని పూర్తిగా ఎత్తేయమని నేను అనను. రోడ్డు మీద చీకట్లో ఎవరి అరెస్టు న్యాయమో ఎవరిది అన్యాయమో కండబలంతో తేల్చుకోవడం మొదలైతే ముందు నష్టపోయేది బలహీనుడే. అమెరికాలో దీని మీద శతాబ్దంగా వాదన నడుస్తోంది. చట్టవిరుద్ధమైన అరెస్టును ఎదిరించే హక్కును అక్కడి సుప్రీంకోర్టు 1900లో జాన్ బ్యాడ్ ఎల్క్ కేసులో గుర్తించింది. తర్వాతి కాలంలో చాలా రాష్ట్రాలు చట్టాలు చేసి ఆ హక్కును తీసేశాయి. ఎదిరించిన వాడి మీద తుపాకీ పేలడమే ఎక్కువైందన్నది వారి వాదన. కాలిఫోర్నియాలో పోలీసు అధికారి పనిని అడ్డుకుంటే ఏడాది వరకు జైలు ఉంటుంది. మన పిల్లలు వేలల్లో అక్కడ ఉన్నారు. ట్రాఫిక్ పోలీసు ఆపినప్పుడు చేతులు స్టీరింగు మీదే ఉంచాలని వాళ్లకు చెప్పి పంపే తల్లిదండ్రులు, ఇక్కడ ఊళ్లో ఉన్న కొడుక్కి ఆ మాట చెప్పరు.

అయితే 37వ సెక్షన్ అధికారికి ఇచ్చిన రక్షణకు ఒక షరతు ఉంది. ఎదుటి మనిషి ప్రభుత్వోద్యోగి అని తెలిసి ఉండాలి, లేదా అలా నమ్మడానికి కారణమైనా ఉండాలి. అది లేనప్పుడు ఆత్మరక్షణ హక్కు పోదు. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనిపించే గుర్తింపు ధరించాలని నాగరిక సురక్షా సంహిత 36వ సెక్షన్ అంటోంది. కారణం వెంటనే చెప్పాలని 47వ సెక్షన్ అంటోంది. రాజ్యాంగం 22వ అధికరణం ఆ మాటే చెప్పింది. కారణాలను అతనికి అర్థమయ్యే తీరులో చెప్పకపోతే అరెస్టే చెల్లదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వీటిని మర్యాదలుగా చూస్తే పొరపాటు. 262వ సెక్షన్ శిక్షించేది ‘చట్టబద్ధంగా’ పట్టుకోవడాన్ని ఎదిరించినప్పుడే. పేరు చెప్పకుండా, కారణం చెప్పకుండా, మఫ్టీలో వచ్చి మెడ మీద చెయ్యి వేస్తే, ఆ తర్వాత పెట్టే ఎదిరింపు కేసుకు పునాది అక్కడే జారిపోతుంది. నిబంధన పాటించిన ఎస్సైకి లాభం ఇదే: తన మనిషికి నిజంగా దెబ్బ తగిలిన రోజున కేసు కోర్టులో నిలుస్తుంది.

ఆ దెబ్బలు నిజంగా తగులుతాయి కూడా. 2021 అక్టోబరులో గంజాయి కేసు పని మీద నల్గొండ నుంచి వచ్చిన పోలీసు బృందం మీద లంబసింగి దగ్గర దాడి జరిగింది. రాళ్లు రువ్వారని, ప్రాణాలు కాపాడుకోవడానికి కాల్పులు జరపాల్సి వచ్చిందని పోలీసులు చెప్పారు. తూటాలు తగిలి స్థానికులు గాయపడ్డారు. భాష ఒకటే అయినా వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కొత్త ముఖాలు, ఘాట్ రోడ్డు, ఎవరు ఎవరో తెలియని గందరగోళం. ఇలాంటి చోట స్థానిక స్టేషను సిబ్బంది యూనిఫాంలో వెంట ఉంటే సగం ప్రమాదం తప్పుతుంది. తనిఖీ దగ్గర బారికేడు దాటించి బండిని కానిస్టేబులు మీదికి తోలితే అది 132తో ఆగదు, హత్యాయత్నం దాకా పోతుంది, పోవాలి కూడా. పగలంతా ఎండలో, రాత్రంతా మంచులో రోడ్డు మీద నిలబడే హోంగార్డు ప్రాణం ఎవరి సరదాకూ పణం కాకూడదు.

ఇప్పుడు ఈ ప్రాంతం మరిచిపోకూడని రెండో సంఘటన. నాతవరం మండలంలో ఒంట్లో బాగాలేకపోతే జనం పరుగెత్తేది నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికే. అక్కడ మత్తు వైద్యుడిగా ఉండేవారు డాక్టర్ సుధాకర్. కరోనా తొలిరోజుల్లో, 2020 ఏప్రిల్‌లో మాస్కులు, రక్షణ సామగ్రి చాలడం లేదని ఆయన బహిరంగంగా అన్నారు. సస్పెండయ్యారు. మే 16న విశాఖపట్నంలో జాతీయ రహదారి మీద పోలీసులు ఆయన్ను అదుపులోకి తీసుకున్నారు. మద్యం మత్తులో గొడవ చేశారని, కానిస్టేబులు ఫోను లాక్కుని విసిరేశారని నగర పోలీసులు చెప్పారు, కేసు పెట్టారు. చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి, ఒక వైద్యుణ్ని నడిరోడ్డు మీద పడవేసిన దృశ్యాన్ని రాష్ట్రమంతా ఫోన్లలో చూసింది. లాఠీతో కొట్టిన కానిస్టేబులు సస్పెండయ్యాడు. డాక్టరును కేజీహెచ్‌కు, అక్కడి నుంచి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించారు.

సంగతి హైకోర్టుకు చేరింది. న్యాయాధికారి స్వయంగా వెళ్లి డాక్టరు వాంగ్మూలం నమోదు చేశారు. ఆయన ఒంటి మీద కనిపించిన గాయాలకూ ప్రభుత్వం సమర్పించిన నివేదికలోని గాయాలకూ లెక్క కుదరలేదు. మే 22న హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. జూన్‌లో ఆయన మానసిక వైద్యశాల నుంచి బయటికి వచ్చారు. 2021 మే 21న గుండెపోటుతో కన్నుమూశారు.

ఆ రోజు ఆయన పోలీసులను తిట్టి ఉండొచ్చు, ఫోను విసిరి ఉండొచ్చు. దానికి చట్టంలో శిక్ష ఉంది, వేసేది కోర్టు. లొంగదీసుకోవడానికి ఎంత బలం కావాలో అంతే వాడాలని, పారిపోకుండా చూడటానికి అవసరమైన దానికి మించి బంధించకూడదని పాత చట్టమూ చెప్పింది, నాగరిక సురక్షా సంహిత 43, 46 సెక్షన్లూ చెబుతున్నాయి. కొత్తగా బేడీలకు అనుమతిచ్చింది కూడా కరడుగట్టిన నేరస్తులు, ఉగ్రవాదం, హత్య, అత్యాచారం, మాదకద్రవ్యాల వంటి కేసుల జాబితా వరకే. నడిరోడ్డు మీద వాగ్వాదానికి దిగిన వాడు ఆ జాబితాలో లేడు. ‘ఎదిరించాడు’ అన్న మాటతో ఆ తర్వాత చేసిందంతా సమర్థించుకోవచ్చన్న ధీమా ఎంత ప్రమాదమో చెప్పడానికి సుధాకర్ ఉదంతం కంటే దగ్గరి ఉదాహరణ ఈ ప్రాంతానికి లేదు. ఆ వీడియో లేకపోతే ఏం మిగిలేది? పోలీసుల మాట, దాన్ని కాదనే ఒక సస్పెండైన డాక్టరు మాట.

ఈ కేసుల్లో ఉన్న అసలు చిక్కు అదే. ఫిర్యాదుదారు పోలీసు, సాక్షి పోలీసు, దర్యాప్తు చేసేది పక్క గదిలోని పోలీసు. మధ్యవర్తుల నివేదిక మీద సంతకానికి పిలిచే వీఆర్వో కూడా మర్నాడు అదే ఎస్సైతో పని ఉన్న మనిషి. అందుకే ముద్దాయిని మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టే ఆ రెండు మూడు నిమిషాలకు అంత విలువ. ‘పోలీసులు కొట్టారా?’ అని అడగడం ప్రతి రిమాండులో ఉంటుంది. వెనక నిలబడ్డ కానిస్టేబులును ఓరకంట చూసి ‘లేదండి’ అని తలూపేవాళ్లే ఎక్కువ. తిరిగి వెళ్లాల్సింది ఆ కానిస్టేబులుతోనే మరి. మేజిస్ట్రేటు ఎస్కార్టును బయటికి పంపి మళ్లీ అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది. పోలీసుకు గాయమైందని 121 పెట్టినప్పుడు గాయాల సర్టిఫికెట్ ఏ గంటకు ఇచ్చారో, ముద్దాయిని వైద్యుడు చూసింది ఏ గంటకో పక్కపక్కన పెట్టి చూడాలి. అరెస్టయిన వెంటనే వైద్యపరీక్ష జరగాలని, ఒంటి మీది గాయాలు, అవి అయిన సుమారు సమయం నమోదు చేయాలని నాగరిక సురక్షా సంహితలో 53వ సెక్షన్ ఉన్నది ఇందుకే. ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఆ కాగితం మీద ‘గాయాలు లేవు’ అని చూడకుండా రాస్తే, ఆ తర్వాత ఏ హైకోర్టూ దాన్ని సులువుగా సరిదిద్దలేదు.

ఎఫ్‌ఐఆర్‌లో ‘మరికొందరు’ అన్న మాట ఇంకో ముప్పు. ఊళ్లో ఒకడిని పట్టుకోవడానికి జీపు వస్తే ఆడవాళ్లు, పిల్లలు, అయినవాళ్లు చుట్టూ చేరతారు. ఇద్దరు నెడితే ఇరవై మంది చూస్తూ నిలబడతారు. అయిదుగురు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే చట్టవిరుద్ధ సమూహం, దాని వెంట అల్లర్ల సెక్షన్. పేర్లు తెలిసిన నలుగురు, ‘మరికొందరు’. ఆ ఖాళీలో ఎప్పుడైనా ఎవరి పేరైనా చేరవచ్చు. ఆ భయంతో ఊరి మగవాళ్లు వారాల తరబడి తోటల్లో పడుకుంటారు. వీడియో ఉంటే దాన్ని చూసి పేర్లు రాయడానికి అడ్డేమిటి? అడ్డేమీ లేదు, అలవాటు లేదంతే.

ఊరివాళ్లు గుర్తుంచుకోవాల్సింది పెద్దగా లేదు. పారిపోవద్దు, చెయ్యి విదిలించుకోవద్దు, జీపుకు అడ్డం పడుకోవద్దు. అడగడం మాత్రం మానొద్దు: మీ పేరేమిటి, ఏ కేసు, ఏ స్టేషన్‌కు, అరెస్టు మెమో ఏది. ఆ మెమో మీద ఇంటిమనిషో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, అరెస్టయిన వాడూ పెట్టాలి. సూర్యాస్తమయం దాటాక ఆడమనిషిని పట్టుకెళ్లాలంటే మహిళా అధికారి రావాలి, అసాధారణ పరిస్థితి ఉండాలి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి. మూడేళ్ల లోపు శిక్ష పడే కేసులో అరవై దాటిన ముసలివారిని తీసుకెళ్లాలంటే డీఎస్పీ అనుమతి కావాలి. కాస్త దూరంగా నిలబడి ఫోనులో తీయడాన్ని ఈ సెక్షన్లలో ఏదీ నేరం అనలేదు. ఇన్ని ప్రశ్నలడిగితే ‘నాకే చట్టం చెబుతావా’ అని గద్దించే ఎస్సై ఉంటాడు. అడిగినందుకు 132 పెడితే అది కోర్టులో నిలవదు.

ప్రభుత్వం చేయాల్సింది ఖర్చుతో కూడినది కాదు. 132, 121, 262 సెక్షన్లు పెట్టిన ప్రతి కేసునూ ఆ స్టేషనుకు సంబంధం లేని అధికారి చేత దర్యాప్తు చేయించాలి. రిమాండ్ రిపోర్టుకు వీడియో జత చేయాలి, లేకపోతే ఎందుకు లేదో రాయాలి. అన్ని స్టేషన్లలోనూ సీసీ కెమెరాలుండాలని, రికార్డింగును 18 నెలలు భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. నర్సీపట్నం బార్‌లోని న్యాయవాదులు ఇలాంటి కేసు చేతికి రాగానే, బెయిలు పిటిషన్‌తో పాటే ఆ ఫుటేజీ భద్రపరచమని కోరుతూ ఇంకో పిటిషన్ వేయాలి. ఆర్నెల్లు ఆగి అడిగితే ‘కెమెరా పనిచేయలేదు’ అన్న జవాబే వస్తుంది. మొదటి వారంలో అడిగితే, పనిచేయలేదన్న మాటను అఫిడవిట్‌గా రాసి సంతకం పెట్టాల్సింది స్టేషన్ హౌస్ ఆఫీసరే.